ఇండికేటర్ టకటకా కొట్టుకుంటోందా? కారు ముందు పక్క ఇండికేటర్ బల్బు ఇంట్లోనే మార్చుకోవాలంటే తెలుసుకోవాల్సిన సంగతులు

పోయిన వానాకాలం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దాటాక అవతలి పక్కన టీ తాగుదామని యూటర్న్ కోసం కుడి ఇండికేటర్ వేశా, ఎప్పుడూ టిక్... టిక్... అని నిదానంగా కొట్టుకునేది కాస్తా ఒక్కసారిగా టకటకటకా అని దడ పుట్టినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న మా బామ్మర్ది "బావా, రిలే పోయినట్టుంది" అన్నాడు. బండి పక్కకి ఆపి, వానలోనే దిగి చుట్టూ తిరిగి చూస్తే వెనక కుడి లైటు వెలిగి ఆరుతోంది, ముందు కుడిది మాత్రం చీకటి. అంటే డివైడర్ గ్యాప్‌లో ముక్కు బయటికి పెట్టి నిలబడితే ఎదురుగా వచ్చే లారీ అతనికి నేను తిరగబోతున్నానని తెలిసే దారే లేదన్నమాట. మనం ఎడమవైపు నడిపే దేశం, కుడికి తిరగడం అంటే ఎదురొచ్చే బళ్ళకి అడ్డంగా వెళ్ళడమే, అందుకే ముందు కుడి ఇండికేటర్ పోవడాన్ని చిన్న విషయంగా నేను చూడలేను.

మర్నాడు ఒక వర్క్‌షాప్‌లో అడిగితే బంపర్ దించాలి, హెడ్‌లైట్ మొత్తం బయటికి తియ్యాలి, సాయంత్రం దాకా బండి వదిలెయ్యండి అన్నారు. కొన్ని మోడల్స్‌కి అది నిజమే, నా బండికి కాదు. ఆటోనగర్‌లో బల్బు కొనుక్కుని మా అత్తగారింటి ముందు నిలబడి మార్చేశా, పావుగంట పట్టింది, ఏ పనిముట్టూ వాడలేదు. ఈ పనిలో చేత్తో చేసేది చాలా తక్కువ. చిక్కంతా ముందే ఉంటుంది: అసలు పోయింది బల్బేనా, పోతే ఏ బల్బు కొనాలి, ఆన్‌లైన్‌లో మెరిసిపోతూ కనిపించే ఎల్ఈడీ పెడితే ఏమవుతుంది. ఈ మూడూ విడివిడిగా అర్థమైతే మిగతాది హోల్డర్ తిప్పడమే.

ముందు ఆ టకటకా సంగతి. చాలామంది దాన్ని రిపేరు అనుకుంటారు, నిజానికి అది బండి మనతో మాట్లాడటం. ఒక పక్క ఇండికేటర్ వేస్తే మామూలు బండిలో ముందు 21 వాట్ల బల్బు, వెనక 21 వాట్ల బల్బు, ఫెండర్ (ముందు చక్రం పైని రేకు) మీద ఉండే చిన్నది 5 వాట్లు, మొత్తం 47 వాట్లు వెలుగుతాయి. 12 వోల్టుల లెక్కన దాదాపు 4 ఆంపియర్ల కరెంటు. ఈ లైట్లని వెలిగించి ఆర్పే భాగం పేరు ఫ్లాషర్, మా బామ్మర్ది రిలే అన్నది దీన్నే, దాని లోపల కరెంటుని కొంచెం అడ్డుకునే ఒక బుల్లి రెసిస్టర్ ఉంటుంది, దాని గుండా ఎంత కరెంటు పోతోందో సర్క్యూట్ ఎప్పుడూ కొలుస్తూ ఉంటుంది. ముందు బల్బు పోతే మిగిలేది 26 వాట్లు, కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, అది చూసి ఫ్లాషర్ వేగాన్ని కావాలనే రెట్టింపు చేస్తుంది, డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి బయట లైటు కనపడదు కాబట్టి చెవికి వినపడేలా చెప్తుందన్నమాట. మన సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో 102వ రూల్ ప్రకారం ఇండికేటర్ నారింజ రంగులో ఉండాలి, నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా కొట్టుకోవాలి. వాచీ పెట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టండి, 20 చుట్టుపక్కల వస్తే అంతా బాగున్నట్టు, 40 దాకా వస్తే ఆ పక్క ఒక బల్బు పనిచెయ్యట్లేదని అర్థం.

పాత బళ్ళలో ఇది వేరేగా ఉండేది. అప్పట్లో ఫ్లాషర్ లోపల వేడికి వంగే లోహపు పట్టీ ఉండేది, బల్బుల కరెంటే ఆ పట్టీని వేడెక్కించి వంచేది, బల్బు పోతే పట్టీకి కావాల్సినంత వేడి రాక ఇండికేటర్ నిదానంగా కొట్టుకునేది లేదా అసలు కొట్టుకోకుండా వెలుగుతూ ఉండిపోయేది. అందుకే పాత డ్రైవర్లు ఇప్పటికీ "కొట్టుకోకపోతే బల్బు పోయినట్టు" అంటారు, వాళ్ళ బండికి ఆ మాట కరెక్టే. ఇప్పటి బళ్ళలో చాలావాటికి విడిగా ఫ్లాషర్ రిలే కూడా లేదు, బీసీఎం అనే కంప్యూటర్ డబ్బాయే ఆ పని చేస్తుంది, మనకి వినిపించే టిక్ టిక్ కూడా డ్యాష్‌బోర్డ్‌లోని స్పీకర్ చేసే శబ్దమే.

ఇంకో ముక్క ఇక్కడే చెప్పాలి. ఫెండర్ మీదో అద్దం మీదో ఉండే 5 వాట్ల చిన్న లైటు పోతే ఈ వేగం సాధారణంగా మారదు, ఎందుకంటే 47లోంచి 5 తగ్గితే ఫ్లాషర్‌కి పెద్ద తేడా తెలియదు. అందుకే అది పోయి నెలలైనా ఎవరూ గమనించరు, పక్కనే వెళ్ళే స్కూటర్ అతనికి కనిపించేది మాత్రం అదే. నెలకోసారి హజార్డ్ లైట్లు, అంటే అన్ని ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే బటన్, వేసి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యండి, చాలు.

సరే, బల్బే పోయిందని ఖాయం చేసుకోవడం ఎలా. ఒక పక్క ముందుదో వెనకదో ఒక్కటే ఆరిపోయి మిగతావి వేగంగా కొట్టుకుంటుంటే నూటికి తొంభై పాళ్ళు బల్బో దాని హోల్డరో. ఒక పక్క మూడూ చచ్చిపోతే ఒకేసారి మూడు బల్బులు పోవడం జరగదు కాబట్టి వైరింగో స్విచ్చో చూడాలి. హజార్డ్ వేస్తే నాలుగు మూలలా చక్కగా వెలిగి, స్టీరింగ్ పక్క కాడ తిప్పితే మాత్రం వెలగకపోతే ఆ కాడ లోపలి స్విచ్‌లో కాంటాక్ట్ అరిగి ఉండొచ్చు. రెండు పక్కలా ఏదీ వెలగకపోతే మొదట ఫ్యూజ్ చూడాలి. ఇంత తెలిస్తే చాలు, అనవసరంగా బల్బులు కొనే పని తప్పుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, ఏ బల్బు. షాపుకి వెళ్ళి "అన్నా, ఫలానా కారు ముందు ఇండికేటర్ బల్బు ఇవ్వు" అంటే ఇస్తాడు, కానీ అదే పేరుతో మూడు తరాల బండి వచ్చి ఉంటుంది, మూడింటికీ మూడు రకాల బల్బులు ఉండొచ్చు. పాత బల్బు తీసుకుని వెళ్ళడం అన్నిటికన్నా మంచిది, లేదంటే బండితో పాటు ఇచ్చిన మాన్యువల్‌లో చివరి పేజీల దగ్గర బల్బుల పట్టిక ఉంటుంది, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఎక్కువగా కనపడేవి మూడు. పీ21డబ్ల్యూ అంటే తెల్ల గాజు, ఇత్తడి మొల (హోల్డర్‌లో కూర్చునే కింది భాగం), 21 వాట్లు. పీవై21డబ్ల్యూ అంటే అదే బల్బు నారింజ రంగులో, మధ్యలో వై అంటే ఎల్లో. డబ్ల్యూవై21డబ్ల్యూ అంటే ఇత్తడి మొల లేకుండా గాజే చదునుగా కిందికి దిగి ఉండేది, హోల్డర్‌లోకి నేరుగా నొక్కితే కూర్చుంటుంది, మొదటి డబ్ల్యూ ఆ చదును ఆకారానికి గుర్తు, చివరి డబ్ల్యూ వాట్లకి గుర్తు. పేరు ఒకసారి విప్పి చదవడం వస్తే ప్యాకెట్ మీద ఏది ఉన్నా భయం ఉండదు.

మరి తెలుపెందుకు, నారింజెందుకు. వెనకటి బళ్ళలో ఇండికేటర్ అద్దమే నారింజ రంగులో ఉండేది, లోపల తెల్ల బల్బు పెడితే సరిపోయేది. తర్వాత హెడ్‌లైట్, పార్కింగ్, ఇండికేటర్ అన్నీ ఒకే పారదర్శకమైన అద్దం వెనక్కి వచ్చేశాయి, ఇక రంగు బల్బుకే ఉండాల్సి వచ్చింది. అక్కడ ఒక ప్రమాదం ఉంది, తెల్ల అద్దం వెనక ఎవరైనా తెల్ల బల్బు పెట్టేస్తే ఇండికేటర్ తెల్లగా కొట్టుకుంటుంది, ఎదుటివాడికి అది ఏ లైటో అర్థం కాదు. దాన్ని ఆపడానికి బల్బు చేసినవాళ్ళు ఏం చేశారో ఆటోనగర్‌లో ఆ షాపాయన చూపించాడు. రెండు బల్బులు గాజు బల్ల మీద పక్కపక్కన పెట్టి "గోరు పెట్టి చూడండి సార్" అన్నాడు. ఇత్తడి మొలకి రెండు పక్కలా బియ్యపుగింజంత కూడా లేని రెండు పిన్నులుంటాయి. తెల్ల బల్బుకి ఆ రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి, 180 డిగ్రీలు. నారింజ బల్బుకి ఒకటి కొంచెం పక్కకి జరిగి ఉంది, 150 డిగ్రీలు. చూపుకి ఆనదు, గోటికి తెలుస్తుంది. నారింజ బల్బు కోసం చేసిన హోల్డర్‌లో తెల్లది ఎంత నొక్కినా దిగదు. ఒక చిన్న పిన్నుని ముప్పై డిగ్రీలు జరిపి ఎక్కడో రోడ్డు మీద జరగబోయే పొరపాటుని ఫ్యాక్టరీలోనే ఆపేశారు, ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. దిగడం లేదని ఆకురాయితో పిన్ను అరగదీసి తెల్ల బల్బు ఎక్కించిన బళ్ళు కూడా చూశాను, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. కొత్త బల్బు దిగట్లేదంటే అది మీ బండిది కాదు, మార్చి తెచ్చుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇక్కడ ఒక తేడా. అక్కడ ముందు పార్కింగ్ లైటు కూడా నారింజ రంగులో ఉండటం మామూలు, అందుకని చాలా బళ్ళలో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు (వెలిగే సన్నటి తీగలు) పెడతారు, ఒకటి పార్కింగ్‌కి, ఒకటి ఇండికేటర్‌కి. నంబర్లు కూడా వేరు, 3157, 7444 అలా ఉంటాయి, వెనక ఎన్ఏ అని ఉంటే గాజే నారింజ రంగుదని అర్థం, రంగు పూత కాదు. అక్కడ బల్బు సగం పోయి సగం వెలుగుతుంది, పార్కింగ్ లైటు బాగుంది కదా అని బల్బు బాగుందనుకోకూడదు. మన దగ్గర ముందు పార్కింగ్ లైటు తెలుపు, దానికి విడిగా 5 వాట్ల చిన్న బల్బు ఉంటుంది కాబట్టి ఈ తికమక తక్కువ.

ఇక పని. ఇంజన్ ఆపి, తాళం తీసేసి, లైట్లన్నీ ఆపి ఓ ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. బ్యాటరీ పక్కన చెయ్యి పెడతాం కాబట్టి ఉంగరం, స్టీలు వాచీ తీసి పక్కన పెట్టండి. బానెట్ ఎత్తి హెడ్‌లైట్ వెనక్కి వంగి చూస్తే పెద్ద రబ్బరు టోపీ పెట్టుకున్నట్టు ఉండేది హెడ్‌లైట్ బల్బు, దాని జోలికి వెళ్ళొద్దు. రెండో మూడో వైర్లు వచ్చి ఆగే చిన్న ప్లాస్టిక్ హోల్డర్లు ఇంకా ఉంటాయి, అందులో కొంచెం పెద్దది ఇండికేటర్‌ది, చిన్నది పార్కింగ్‌ది. ఏది ఏదో తేలకపోతే బాగున్న పక్కకి వెళ్ళి హజార్డ్ వేసి చూడండి, అక్కడ ఏ హోల్డర్ దగ్గర నారింజ వెలుగు కొట్టుకుంటోందో ఇవతలి పక్క దానికి అద్దంలో బొమ్మలా అదే చోట ఉంటుంది. చూశాక హజార్డ్ ఆపేయడం మర్చిపోకండి.

హోల్డర్‌ని వెనక నుంచి పట్టుకుని ఎడమవైపుకి పావు చుట్టు తిప్పితే వదిలి బల్బుతో సహా బయటికి వస్తుంది. ఏళ్ళ తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పితే చెవి విరిగిపోతుంది, వంద రూపాయల లోపు పనికి హెడ్‌లైట్ మొత్తం మార్చాల్సి వస్తుంది. గట్టిగా ఉంటే అటూ ఇటూ కొంచెం కొంచెం కదిపి వదులు చెయ్యండి. ఒక పక్క చెయ్యి హాయిగా దూరుతుంది, రెండో పక్క బ్యాటరీయో ఎయిర్ ఫిల్టర్ డబ్బానో వాషర్ నీళ్ళ గొట్టమో అడ్డం ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ పైపు క్లిప్పు తీసి పక్కకి జరిపితే చాలా బళ్ళలో దారి దొరుకుతుంది. కొన్నిటికి చక్రాలు పక్కకి తిప్పి, టైరు పైన ఉండే నల్ల ప్లాస్టిక్ లైనర్‌కి రెండు మూడు క్లిప్పులు ఊడదీసి అటునుంచి చెయ్యి పెట్టాలి. ఇంకొన్నిటికి నిజంగానే బంపర్ వదులు చెయ్యాలి, అలాంటి బండైతే మెకానిక్‌కి ఇవ్వడమే మంచిది.

ఇత్తడి మొల బల్బుని హోల్డర్‌లోకి కొంచెం నొక్కి ఎడమకి తిప్పి తియ్యాలి, లోపల స్ప్రింగు ఉంటుంది. చదును గాజు బల్బుని తిప్పకూడదు, నేరుగా లాగాలి. చేతిలోకి వచ్చాక ఒకసారి చెవి దగ్గర పెట్టి కదపండి, గిలక్కాయలా సన్నగా గలగల వినిపిస్తే ఫిలమెంట్ తెగి లోపల ఆడుతున్నట్టు. నా బల్బుని వెలుతురుకి పెట్టి చూస్తే వెంట్రుక కన్నా సన్నటి తీగ ఒక కొన తెగి, బండి పక్కన లారీ వెళ్ళినప్పుడల్లా వణికింది. గాజు లోపల వెండి మసి పట్టినట్టు నల్లబడితే తీగ ఆవిరై గోడలకి అంటుకుందని, తెల్ల పొడి కనిపిస్తే గాజు పగిలి గాలి దూరిందని అర్థం. నారింజ పూత పొలుసుల్లా ఊడుతున్న బల్బు వెలుగుతున్నా సరే మార్చేయండి, దాని వెలుగు అప్పటికే తెల్లబడి ఉంటుంది.

అసలు ఎందుకు తెగుతుంది అంటే, వెలిగి ఉన్నప్పుడు ఈ ఫిలమెంట్ రెసిస్టెన్స్, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, దాదాపు 7 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు ఒక ఓమ్ కూడా ఉండదు, అందుకని స్విచ్ పడిన క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. ఇండికేటర్ బల్బుకి ఆ దెబ్బ నిమిషానికి ఎనభై సార్లు తగులుతుంది, దానికి తోడు మన గుంతలు. అందుకే ఒక పక్కది పోతే రెండోదాని వయసు కూడా అంతే కాబట్టి రెండు కొని రెండు పక్కలా మార్చడం నా అలవాటు.

కొత్తది పెట్టే ముందు హోల్డర్ లోపల టార్చ్ వేసి చూడండి. చాలామంది దాటేసేది ఇదే. కాంటాక్ట్ మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే కొత్త బల్బు కూడా మసకగా వెలుగుతుంది, లేదా నాలుగు రోజులు వెలిగి ఆగిపోతుంది, మనం బల్బుని తిట్టుకుంటాం. సన్నటి ఎమరీ పేపర్ ముక్కని పెన్సిల్ కొనకి చుట్టి మెల్లిగా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ కరిగినట్టో గోధుమ రంగులోకి మారినట్టో ఉంటే హోల్డర్ కూడా మార్చాలి, అది వైర్లతో సహా విడిగా దొరుకుతుంది. ఇంకో వింత లక్షణం, ఇండికేటర్ వేస్తే దాంతో పాటు పార్కింగ్ లైటు కూడా మసకగా కొట్టుకుంటుంటే అది ఎర్త్ సమస్య. కరెంటు బాడీకి పోయే దారి సరిగ్గా లేక పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోందన్నమాట, హెడ్‌లైట్ దగ్గర బాడీకి బోల్టు వేసిన ఎర్త్ వైరు ఊడదీసి తుప్పు గీకి మళ్ళీ బిగిస్తే చాలాసార్లు పోతుంది.

బల్బు గాజుని చేత్తో ముట్టుకోకూడదు అంటారు కదా, ఆ నియమం గట్టిగా వర్తించేది హెడ్‌లైట్ హాలోజెన్ బల్బులకి, అవి విపరీతమైన వేడిలో పనిచేస్తాయి కాబట్టి వేలి జిడ్డు మరకే గాజుని దెబ్బతీస్తుంది. ఈ 21 వాట్ల బల్బుకి అంత ప్రమాదం లేదు, అయినా శుభ్రమైన గుడ్డతో పట్టుకుని పెడితే పోయేదేం లేదు. హోల్డర్ తిరిగి పెట్టేటప్పుడు దాని చుట్టూ ఉండే రబ్బరు రింగు మడత పడకుండా చూడండి, అది సరిగ్గా కూర్చోకపోతే కార్ వాష్ నీళ్ళు లోపలికి పోయి అద్దానికి ఆవిరి పడుతుంది.

ఇక ఎల్ఈడీ. రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. 21 వాట్ల బల్బు తీసి ఎల్ఈడీ పెడితే అది తీసుకునే కరెంటు చాలా కొంచెం, ఫ్లాషర్‌కి బల్బు పోయినట్టే అనిపిస్తుంది, మళ్ళీ టకటకా మొదలు. దానికి మందుగా 6 ఓమ్‌ల 50 వాట్ల లోడ్ రెసిస్టర్ అమ్ముతారు, బంగారు రంగు అల్యూమినియం తొడుగుతో ఉంటుంది. ఇంజన్ నడుస్తుంటే అది వెలిగిన ప్రతిసారీ 30 వాట్ల దాకా వేడి చేస్తుంది, చెయ్యి పెడితే కాలుతుంది, ప్లాస్టిక్‌కి ఆనించి కడితే కరుగుతుంది, ఇనుప బాడీకి బిగించి తీరాలి. ఎల్ఈడీ ఆదా చేసిన కరెంటు మొత్తం ఇక్కడ వేడిగా పోతుంది. దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి ఉంది: రేపు ఆ ఎల్ఈడీ పోయినా రెసిస్టర్ కరెంటు తాగుతూనే ఉంటుంది కాబట్టి ఫ్లాషర్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, టిక్ టిక్ నిదానంగానే వినిపిస్తుంది, ముందు లైటు చచ్చిపోయిందని నాకు చెప్పేవాళ్ళే ఉండరు. ఆ రాత్రి హైవే మీద నన్ను ఆపింది ఆ టకటకానే.

పైగా ఇండికేటర్ లోపలి రిఫ్లెక్టర్‌ని ఫిలమెంట్ కూర్చునే ఆ ఒక్క బిందువుని లెక్కపెట్టుకుని తయారు చేస్తారు, ఎల్ఈడీలో చిప్పులు నాలుగు పక్కలా అంటించి ఉంటాయి కాబట్టి వెలుగు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళదు, ఎదురుగా నిలబడి చూస్తే కళ్ళు జిగేల్‌మంటాయి, ఓరగా చూస్తే మసక. మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు చూసేది ఓరగానే. ఫ్యాక్టరీలోనే ఎల్ఈడీతో వచ్చిన బళ్ళ సంగతి వేరు, అక్కడ మొత్తం దానికోసమే తయారై ఉంటుంది, అందులో విడిగా మార్చే బల్బే ఉండదు.

కొత్త బల్బు పెట్టాక హోల్డర్‌ని పూర్తిగా తిప్పి లాక్ చెయ్యకముందే ఒకసారి ఇండికేటర్ వేసి చూడండి, అప్పుడు మళ్ళీ చెయ్యి దూర్చే బాధ తప్పుతుంది. బల్బు మార్చినా వేగం తగ్గకపోతే వెనక బల్బు చూడండి, అదీ బాగుంటే మీరు కొన్నది 21 వాట్లదేనా అని మొల మీద అచ్చు చదవండి, తక్కువ వాట్ల బల్బులు అంటగట్టడం జరుగుతూ ఉంటుంది.

నేను మార్చింది పొద్దుగూకే వేళ. బండిని ప్రహరీ గోడకి ఎదురుగా పెట్టి కుడి ఇండికేటర్ వేసి దిగాను, గోడ మీద ఎడమా కుడీ ఒకే రంగు ఒకే వెడల్పు పడుతున్నాయా అని హజార్డ్ కూడా వేసి చూశాను. బామ్మర్ది ఫోన్‌లో 15 సెకన్లు పెట్టి లెక్కపెట్టాడు, 21 వచ్చాయి. తీసినవాటిలో ఇంకా బాగున్న పాత బల్బుని పాత చేతిరుమాలులో చుట్టి డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టాను, ఇంకా అక్కడే ఉంది.